చుక్కకీ చుక్కకీ మధ్య దూరం

మా బావగారు నేరం జరిగిన చోటికి వస్తే ముందు మంచి కుర్చీ చూసుకుంటారు, తరవాతే ముద్దాయిని చూసుకుంటారు. ఆ రోజు రెండూ తేలిగ్గా దొరికాయి. నేను లోహశాస్త్ర విభాగం మెట్లెక్కి సమావేశం గదిలోకి అడుగుపెట్టేసరికి ఆయన హెడ్డు గారి తిరిగే కుర్చీలో కూర్చుని టీ తాగుతూ, ఎదురుగా నిలబడ్డ రీసెర్చి అమ్మాయిని కళ్ళతోనే సగం అరెస్టు చేసేశారు.

"ఏం మరదలా, ఇక్కడికి కూడా తయారయ్యావా?"

"మీరు తప్పు మనిషిని పట్టుకున్నారని తెలిసింది బావగారూ. అలవాటు ప్రకారం వచ్చాను."

ఆయన పోలీసు ఇన్‌స్పెక్టరు, పైగా మా అక్క మొగుడు. నేను ప్రైవేటు డిటెక్టివుని. ఆ మాట ఎప్పుడు పలికినా ‘పనీపాటా లేనిది’ అనే అర్థం వచ్చేలా పలకడం ఆయన ప్రత్యేకత. ఈ మధ్య కేసులు నేనే తేలుస్తున్నానని మా అక్క భోజనాల దగ్గర పదే పదే గుర్తుచేస్తూ ఉండటంతో, నన్ను చూస్తే ఆయనకి ఆకలి కూడా చచ్చిపోతోంది.

అమ్మాయి ఆ పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి గానీ, చెప్పాల్సింది మాత్రం తడబడకుండా చెప్పింది. తోటివాళ్ళు ఆమెని పంచకోణం అని పిలుస్తారట. ఎందుకంటే ఆరేళ్ళుగా ఆ పిల్ల ధ్యాసంతా ఐదు మూలల మీదే. కాఫీ ఇచ్చి కూర్చోమంటే కూర్చోకుండా, మా వంటింటి నేల చూపించి పాఠం మొదలుపెట్టింది.

"ఈ పలకలు చూడండక్కా. నాలుగు మూలలవి. పక్కపక్కన పేర్చుకుంటూ పోతే సందు లేకుండా నేలంతా నిండిపోతుంది. ఆరు మూలలవైనా నిండుతుంది. సమానమైన ఐదు మూలలవి పేర్చి చూడండి, ఎక్కడో ఒకచోట ఖాళీ మిగిలిపోతుంది. లోహంలో పరమాణువులు కూడా ఈ పలకల్లాగే ఉంటాయి. ఒకే అమరిక మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంటుంది. అందుకే ఐదు మూలల పొందిక ఏ స్ఫటికంలోనూ కుదరదని చాలాకాలం అనుకున్నారు."

"నీదాంట్లో కుదిరిందా?"

"కుదిరింది. అల్యూమినియం, రాగి, ఇనుము కలిపి కరిగించి, వారాల తరబడి మెల్లగా చల్లారనిచ్చాను. గోళీకాయంత ముక్క వచ్చింది. పన్నెండు ముఖాలు, ప్రతి ముఖానికీ ఐదు సమానమైన అంచులు. లోపల పరమాణువులు పద్ధతిగానే ఉన్నాయి. కానీ ఆ వరస ఎంత దూరం పోయినా మళ్ళీ మొదటికి రాదు. దీన్ని క్వాసీ స్ఫటికం అంటారు. ఇలాంటివి వేరే చోట్ల కూడా వచ్చాయి గానీ, ఇంత పెద్ద ఒంటి ముక్క, ఇంత సులువైన పద్ధతిలో ఎవరికీ రాలేదు. ఈ పూత వేస్తే పెనానికి ఏదీ అంటుకోదని, పెనాల కంపెనీ వాళ్ళు మా విభాగం చుట్టూ తిరుగుతున్నారు కూడా."

పెనానికి ఏదీ అంటుకోదన్న మాటతో నాకు ఆ శాస్త్రం మీద అమాంతం గౌరవం పుట్టుకొచ్చింది.

జరిగింది ఇదీ. నిన్న ఆ అమ్మాయి పరిశోధనకి ఆఖరి పరీక్ష. పొద్దున్నే ఆ ముక్కనీ, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన చుక్కల ఫొటోనీ, దాని నెగెటివునీ ఒక కవర్లో పెట్టి విభాగం ఇనుప అల్మరాలో దాచింది. తాళంచెవి హెడ్డు గారి దగ్గరుంది. మధ్యాహ్నం ఆమె గైడు గారు ఆ తాళంచెవి తీసుకుని, మూడింటికి కవరు తెచ్చి పరీక్షకుల ముందు పెట్టారు. ముక్కని పరీక్ష చేస్తే మామూలు అల్యూమినియం అని తేలింది. ఫొటో కూడా వండి వార్చిందేనని హెడ్డు గారు కేకలేశారు. నెగెటివు అసలు లేనేలేదు. ఇవాళ నాలుగింటికి కమిటీ కూర్చుని అమ్మాయి పేరు కొట్టేస్తుంది, ఆ వెంటనే మోసం కేసు కింద మా బావగారు తీసుకుపోతారు. అసలు ముక్క దొరికితే తప్ప ఆరేళ్ళ చాకిరీ బూడిదలో పోసినట్టే. నేను వచ్చేసరికే రెండు దాటింది.

"ఇదిగో, సాక్ష్యం ఎలా ఉంటుందో చూసి నేర్చుకో" అంటూ బావగారు ఫొటో నా ముందుకి తోశారు.

నల్లటి కాగితం. నడిమధ్య ఒక పెద్ద తెల్ల చుక్క. దాని చుట్టూ పది దిక్కులకీ చుక్కల వరసలు. నా కంటికి ముచ్చటగానే ఉంది. అమ్మాయి మాత్రం నా భుజం మీదుగా తొంగి చూసి, నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కుపోయింది. అదృష్టంకొద్దీ అప్పుడే బావగారికి ఫోను వచ్చింది. గొంతు తగ్గించి ‘అలాగే, అలాగే’ అంటున్నారంటే అవతల మా అక్కే అయి ఉంటుంది.

"నిన్న దూరం నుంచి ఊపి మూసేశారక్కా, సరిగ్గా చూడనివ్వలేదు. ఇది నా ఫొటో కాదు."

"పది వరసలు ఉన్నాయిగా?"

"వరసలు కాదు, దూరాలు చూడండి. మామూలు స్ఫటికమైతే చుక్కలు సమాన దూరంలో పడతాయి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నట్టు. లోపల ఒకే అమరిక మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి. నాదాంట్లో అది లేదు. మొదటి చుక్క నడిమధ్య నుంచి ఒక అంగుళంలో ఉంటే, తరవాతది ఒకటిన్నర దాటి ఉంటుంది. దాని తరవాతది రెండున్నర దాటి, ఆ తరవాతది నాలుగు దాటి. వెనకటి రెండు దూరాలూ కలిపితే తరవాతి దూరం వస్తుంది. అదే దీని అందమంతా."

నేను జడలోంచి పిన్ను తీసి ఫొటో మీద పెట్టాను. నడిమధ్య నుంచి మొదటి చుక్కకి పిన్నులో సగం. అక్కడినుంచి రెండో చుక్కకి సగం. మూడో దానికీ సగమే. ఏ దిక్కుకి తిప్పినా అంతే, ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు. నిన్న నన్ను మాట్లాడనిస్తేగా."

"అయితే నోరు కుట్టేసుకో. నేను విప్పమనేదాకా విప్పకు."

ఫొటో దొంగదైతే ఎక్కడో తయారై ఉండాలి. ఫొటో కాగితం కడగాలంటే చీకటిగది కావాలి. ఆ విభాగంలో ఉన్నది ఒక్కటే చీకటిగది, మెట్ల కింద. దాని తాళంచెవులు మూడు. ఒకటి అమ్మాయి దగ్గర, ఒకటి గైడు గారి దగ్గర, ఒకటి హెడ్డు గారి దగ్గర ఉంటాయి. నేను అటు బయల్దేరగానే బావగారు ఫోను పెట్టేసి నా వెనకే వచ్చారు. నాకు ఏదైనా దొరికితే, ముందు తనే చూశానని చెప్పుకోవాలిగా.

చీకటిగదిలో ఎర్ర బల్బు, రెండు తొట్లు, నీళ్ళ కుళాయి, ఒక చెక్క బల్ల ఉన్నాయి. మందుల వాసనకి బావగారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నేను తెల్ల లైటు వేయించాను. విభాగమంతటా చెత్తబుట్టలు పొంగిపోతుంటే, ఇక్కడి బుట్ట మాత్రం కడిగినట్టు ఖాళీగా ఉంది. ఎవరో శ్రమపడి ఖాళీ చేశారన్నమాట. అంత జాగ్రత్తపరుడు కూడా బల్లని మర్చిపోయాడు. నేను వంగి బల్ల చెక్క మీద వేళ్ళతో తడిమాను. మెత్తటి చెక్క. ఒకచోట వేలికి గరగరమని తగిలింది.

"టార్చి ఇటివ్వండి బావగారూ."

పక్కనుంచి వెలుతురు కొట్టేసరికి అవి స్పష్టంగా కనిపించాయి. సూది గుచ్చిన బెజ్జాలు. నడిమధ్య ఒకటి, చుట్టూ పది దిక్కులకీ వరసలు. ఎవరో నల్ల కాగితం ఈ బల్ల మీద పరుచుకుని, లెక్క ప్రకారం సూదితో పొడిచారు. ఆ బెజ్జాల్లోంచి వెలుతురు పంపి, కింద ఫొటో కాగితం పెట్టి చుక్కలు దించారు. చేతి బలం ఎక్కువై సూది చెక్కలోకి దిగిన సంగతి వాళ్ళు చూసుకోలేదు. నా పిన్ను పెట్టి చూశాను. సగం, సగం, సగం.

"భేష్" అన్నారు బావగారు. "ఇంకేం కావాలి? ఆ పిల్ల ఇక్కడే కూర్చుని చేసింది. తాళంచెవి ఉంది, పని వచ్చు. కేసు అయిపోయింది."

"మూడు తాళంచెవులు ఉన్నాయి."

"మిగతా ఇద్దరూ పెద్దమనుషులు."

"పెద్దమనుషులు సూది పట్టుకోరా? మీ చొక్కాకి బొత్తాం ఊడితే కుట్టేది మీరేనని అక్క చెప్పిందే."

ఆయన టార్చి లాక్కున్నారు. "నాలుగింటిదాకా నీకు టైం. ఆ తరవాత నా దారికి అడ్డం రాకు."

ముందు హెడ్డు గారిని కదిపాను. బట్టతల, గుబురు మీసం, మాటకి ముందు హుంకారం. స్ఫటికాల మీద జీవితమంతా పుస్తకాలు రాసిన మనిషి. ఐదు మూలల మాట ఎత్తితే ఒంటి మీద కారం చల్లినట్టు ఎగిరిపడతారు.

"నిన్న పొద్దుటినుంచి అల్మరా తాళంచెవి మీ దగ్గరే ఉందా?"

"నా దగ్గరే ఉంది. మూడింటికి పావుగంట ముందు ఆ పిల్ల గైడు అడిగితే ఇచ్చాను. అయితే ఏంటి? ఆ పిల్ల ముక్కని నేను మింగేశానంటారా?"

"మీకు ఆ ముక్కంటే గిట్టదని విన్నాను."

"గిట్టదు. ఇప్పటికీ గిట్టదు. రాసుకోండి."

ఇంత బాహాటంగా చెప్పే దొంగని నేను ఎక్కడా చూడలేదు గానీ, బాహాటంగా చెప్పడం కూడా ఒక ఎత్తే కావచ్చు. రోజంతా తాళంచెవి ఉన్నది ఆయన దగ్గర, పగ ఉన్నదీ ఆయనకే. నా అనుమానం ఆయన మీదికే వాలింది.

గైడు గారు దీనికి పూర్తిగా వేరు. తెల్లటి జుట్టు, మెత్తటి గొంతు. నేను లోపలికి వెళ్ళగానే కుర్చీ తుడిచి మరీ వేశారు, బిస్కెట్ల పొట్లం విప్పి ముందు పెట్టారు. అమ్మాయి ఎలా ఉందని అడుగుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. నాకు ఆయన నచ్చారు. నచ్చినవాళ్ళని కూడా అడగాల్సింది అడగాలి కాబట్టి అడిగాను.

"అల్మరాకీ సమావేశం గదికీ మధ్య ఉన్నది వరండా మాత్రమే కదండీ. కవరు చేరడానికి పావుగంట పట్టిందేం?"

"మోకాళ్ళమ్మా. నాలుగడుగులు వేస్తే రెండు నిమిషాలు ఆగాలి. మధ్యలో టీ కూడా తాగాను. కవరు మాత్రం చంకలోంచి తియ్యలేదు." నిట్టూర్చి, "నా కూతురులాంటిది. తెలియక చేసి ఉంటుంది, క్షమించమని కమిటీని బతిమాలతాను" అన్నారు.

అప్పటికి మూడు దాటుతోంది. ముగ్గురు మనుషులు, మూడు తాళంచెవులు. ఎవరిని నిలదీసినా తాము కాదనే అంటారు. కానీ చుక్కలు గుచ్చిన చెయ్యి, ఆ దూరాలు అలాగే ఉంటాయని నమ్మే గుచ్చింది. నమ్మకం దాచుకోవడం అంత తేలిక కాదు. నేను ముగ్గుర్నీ సమావేశం గదిలో కూర్చోబెట్టి తలా ఒక తెల్ల కాగితం ఇచ్చాను. బావగారిని గుమ్మం దగ్గర నిలబెట్టి, నేను చెప్పేదాకా ఎవర్నీ కదలనివ్వొద్దన్నాను.

"నా బుర్రకి ఈ చుక్కల గొడవ ఎక్కడం లేదండీ. అసలు ఫొటో ఎలా ఉండాలో, గుర్తున్నంతవరకు ఎవరికి వాళ్ళు గీసి చూపించండి. ఒకరిది ఒకరు చూడొద్దు. పేర్లు రాయొద్దు. అయ్యాక బోర్లా పెట్టండి."

"డ్రాయింగ్ పోటీ పెట్టావా?" అన్నారు బావగారు. "ప్రైజు ఏమిస్తున్నావు?"

"మీ అరెస్టు వారంటు."

గైడు గారు జేబులోంచి చిన్న స్కేలు తీసి, చకచకా గీసి, అందరికంటే ముందు కాగితం బోర్లా పెట్టారు. తల పట్టుకుని, గాలి ఆడటం లేదు, కాసేపు వరండాలో నిలబడతానన్నారు. అమ్మాయి వంచిన తల ఎత్తకుండా గీస్తోంది. హెడ్డు గారు నాతో పోట్లాటకి దిగారు. తాను నమ్మని బొమ్మ తానెందుకు గీయాలని, పోలీసులు ఉండగా ఈ ఆడమనిషి పెత్తనమేంటని, పెన్సిల్ మొన బాగాలేదని ఒకటే రభస. నేను ఓపిగ్గా పెన్సిల్ చెక్కి ఇచ్చాను. చివరికి విసుక్కుంటూ గీశారు.

మూడు కాగితాలూ కలిపి తిప్పాను. ఒకదాంట్లో చుక్కలు బయటికి వెళ్ళేకొద్దీ ఎడం పెరుగుతూ పోయాయి. రెండోది కూడా అంతే, ఇంకా పొందిగ్గా ఉంది. మూడోదాంట్లో చుక్కలు కవాతుకి నిలబడ్డ పోలీసుల్లా సమానంగా ఉన్నాయి. దొంగ ఫొటో పక్కన పెట్టి కొలిచాను. రెండింట్లోనూ వరస ఒక్కటే, చుక్కకీ చుక్కకీ సమానమైన ఎడం.

మూడో కాగితం హెడ్డు గారి ముందు పెట్టాను. "అలవాటు పోనిచ్చుకోలేకపోయారు సార్. జీవితమంతా మామూలు స్ఫటికాలు చూసిన చెయ్యి కదా, సమానంగానే పెట్టింది."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మీకు కళ్ళు కనిపిస్తాయా? ఇది నాదెలా అవుతుంది? నాది ఇదీ." అంటూ ఆ పొందికైన కాగితం లాక్కున్నారు.

"కానీ మీరు దీన్ని నమ్మరు కదా?"

"నమ్మను కాబట్టే ప్రతి చుక్కా కొలిచాను. పోయిన ఏడాది ఈ పిల్ల మొదటి ఫొటో తెచ్చినప్పుడు, తప్పు పట్టుకుందామని వారం రోజులు భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. దొరకలేదు. ఆ కోపంతో దూరాలన్నీ నాకు నోటికి వచ్చేశాయి." అప్పుడే ఆయన చూపు దొంగ ఫొటో మీద పడింది. కళ్ళజోడు సవరించుకుని దగ్గరికి తీసుకున్నారు. "ఏంటీ చెత్త? సమాన దూరాలా? పది దిక్కులకి సమాన దూరాలు ఏ లోహం ఇస్తుంది? నిన్న ముక్క మామూలుదని తేలేసరికి ఇంక దీన్ని చూడటం దేనికిలే అనుకున్నాను, బుద్ధి తక్కువై. ఈ పిల్ల మొండిదే గానీ ఇంత పనికిమాలిన పని చేయదు. ఇది గీసినవాడు ఆమె థీసిస్ ఒక్క పేజీ కూడా చదవలేదు."

మిగిలింది ఒక్క కాగితమే. అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ప్రతి పేజీ కిందా సంతకం పెట్టారక్కా" అంది మెల్లగా. "అధ్యాయం ఇచ్చినప్పుడల్లా చాలా బాగుందమ్మా అనేవారు. చదివారనుకున్నాను. ఆరేళ్ళూ నా పని శ్రద్ధగా చూసింది నన్ను తిట్టిన సారొక్కరేనన్నమాట." కాగితం బోర్లా పెట్టేసింది. "ముక్క పోయినందుకు కూడా ఇంత బాధగా లేదు."

హెడ్డు గారు గట్టిగా దగ్గి కిటికీ వైపు తిరిగారు. అటే చూస్తూ, "పెనాల కంపెనీ వాళ్ళు ఈ నెలలో రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ ఆయన గదికే వెళ్ళారు" అన్నారు. "ఈ పిల్లని దొంగని చేస్తే, రేపు ఆ ముక్క ఎవరి పేరుతో బయటికి వస్తే వాళ్ళదే పద్ధతి. నోరెత్తినా దీని మాట ఎవరూ వినరు."

నేను గుమ్మం వైపు చూశాను. బావగారు గోడకి ఆనుకుని, రెండో కప్పు టీ ఊదుకుంటున్నారు. వరండా ఖాళీగా ఉంది.

"గైడు గారేరి బావగారూ?"

"పాపం, పెద్దాయనకి కళ్ళు తిరుగుతున్నాయంటే పంపించాను. కదలనివ్వొద్దని నువ్వు హుకుం జారీ చేస్తే నేను పాటించాలా? పోలీసుల్లోనూ మనసున్నవాళ్ళు ఉంటారు."

"ఎక్కడికి పంపించారు?"

"రైలు స్టేషన్‌కి. చెల్లెలి ఇంటికి వెళ్ళి నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుంటారట."

"ఆయనకి చెల్లెళ్ళెవరూ లేరు" అన్నారు హెడ్డు గారు, అప్పటికే జేబులో కారు తాళాలు వెతుక్కుంటూ.

బావగారి చేతిలో కప్పు ఆగిపోయింది. మూడు కాగితాలనీ, నా మొహాన్నీ, అమ్మాయి మొహాన్నీ మార్చి మార్చి చూశారు. ఇన్నేళ్ళలో ఆయన మొహం అలా పాలిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"వెళ్ళేటప్పుడు ఆయన చేతిలో ఏమైనా ఉందా?" అన్నాను.

"మందుల డబ్బా. ఆయన గదిలో పై అరలో ఉంది, అందడం లేదంటే నేనే కుర్చీ ఎక్కి తీసి ఇచ్చాను." ఆయన కప్పు నేల మీద పెట్టేశారు. "లోపల ఏదో గోళీకాయలా దొర్లింది. మాత్రలేమో అనుకున్నాను."

అమ్మాయి మెట్ల మీద పరుగెడుతున్న చప్పుడు వినిపించింది. హెడ్డు గారు ఆ వయసులో రెండేసి మెట్లు దూకుతూ ఆమె వెనకే పరుగందుకున్నారు. గోడ మీద గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"ఇంకా నిలబడ్డారేం? ఫోన్ చేసి దారిలో ఎక్కడైనా ఆయన ఎక్కిన బండిని ఆపించండి."

"ఆపడం కుదరదు మరదలా" అన్నారు బావగారు. "అది నా జీపే. నాలుగింటి రైలు అందకపోతే ఉద్యోగం ఊడుతుందని డ్రైవరుకి చెప్పాను. సైరన్ వేసుకుని వెళ్ళమన్నాను, దారిలో ఎవరు చెయ్యెత్తినా, చివరికి పోలీసులు చెయ్యెత్తినా ఆపొద్దన్నాను."